దయ్యం మీద పంచాయితీ

ప్రొద్దుటూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శామూ,

తిట్టుకో. ఎంత తిట్టుకున్నా పడతా. నువ్వు రంజాన్ ముందు పంపిన ఫోటోలకి కూడా జవాబు ఇవ్వలేదు, తెలుసు. ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. ఈ సంగతి ఫోన్‌లో చెప్పేది కాదురా. మీ రూములో అంతమంది ఉంటారు, నువ్వు స్పీకర్ ఆన్ చేయకుండా మాట్లాడిన పాపాన పోలేదు, రేపు మా ఇంటి పరువు కువైట్ అంతా తిరుగుతుంది. అందుకే కాగితం. షఫీ రేపు బయల్దేరుతున్నాడు, వాడి చేతికి చింతకాయ తొక్కుతో పాటు ఇది కూడా ఇస్తా.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు అట్లే ఉంది. చిన్నది ఏడో తరగతి. అంగడి ఆషాఢంలో బాగానే నడిచింది. మున్నాకి పెళ్ళి కుదిరింది. అవును, ఆ పిల్లే. బొప్పాయి పిల్లే. నవ్వకు.

ఇంక అసలుది. మా చిన్నాయనకి దయ్యం పట్టింది.

నిజంగానే. అంటే, పట్టిందని ఆయనే చెప్పినాడు. ఆ దయ్యం గురించి మా వరండాలో పంచాయితీ జరిగితే అందులో పెద్దమనిషి ఎవరనుకున్నావు? మీ నాయన! నీకు చెప్పినారా? చెప్పి ఉండరు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, మన ఇద్దరికీ లెక్కల్లో వచ్చిన మార్కులు కూడా ఎవరికీ చెప్పకుండా దాచిన మనిషి.

మొదటి నుంచి చెప్తా. చిన్నమ్మ వాళ్ళ అక్క కూతురి పెళ్ళికి పోదామని బీరువా తీసింది. గొలుసు లేదు. గొలుసు డబ్బాలో తాకట్టు రసీదు ఉంది. రెండో డబ్బా తీస్తే అందులోనూ రసీదే. చీటీ డబ్బులు వసూలు చేసి పెట్టిన సంచి ఖాళీ. ఏం జరిగిందో నీకు వేరే చెప్పాలా, మన ఊళ్ళో ఇట్లాంటివి ఎన్ని ఇళ్ళు చూసినాం. మన రాష్ట్రంలో రమ్మీ యాప్‌లు 2020లోనే బంద్ చేసినారు, 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. యాప్ పోతే పోయింది, బుకీ ఉన్నాడు కదా. ఎవడో బెట్టింగ్ ఐడీ ఇచ్చినాడు, ఈయన ఐపీఎల్ మొదలైనప్పటి నుంచి క్రికెట్ పందేలు ఆడుతూనే ఉన్నాడు.

చిన్నమ్మ అరవలేదు. రసీదులు తెచ్చి ఆయన ముందు నేల మీద వరసగా పరిచింది. అంతే, చిన్నాయన వెనక్కి పడినాడు. ఒళ్ళంతా ఊగిపోతోంది, కళ్ళు పైకి పోయినాయి, గొంతు మారిపోయింది. "నేను కాదు, నేను కాదు, అది ఆడించింది. నా చెయ్యి నా మాట వినలేదు" అని ఒకటే కేకలు. నాకు నిజంగా భయమేసిందిరా, దాచుకోను. కానీ ఒకటి చూసినా. మనిషి ఆ మూల నుంచి ఈ మూల దాకా పొర్లుతున్నాడు, ఎడమ చేతిలో ఫోన్ మాత్రం జారలేదు.

మా అవ్వ వెంటనే తేల్చేసింది. పెన్న ఒడ్డున శ్మశానం పక్క దారిలో మిట్టమధ్యాహ్నం బండి మీద వచ్చినాడు, గాలి సోకింది. పైగా ఆయన కొన్నాళ్ళుగా చెప్తున్నాడు, తెల్లవారుజామున మెలకువ వస్తుందట, గుండె మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుందట, లేద్దామంటే కాలూ చెయ్యీ కదలవట. ఇంకేం కావాలి అవ్వకి? ఎవరో చెప్పినారని ఒక భూతవైద్యుణ్ణి పిలిపించింది. ఆయన ముగ్గు వేసి, నిమ్మకాయలు కోసి, విభూతి పెట్టి, పేరు చెప్పు పేరు చెప్పు అని గద్దించినాడు. దయ్యం పేరు చెప్పలేదు. అప్పుడు చింత బరికె తెమ్మన్నాడు. దెబ్బ మనిషికి కాదు, లోపలున్నదానికి తగులుతుందని ఆయన వాదన.

నేను ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడి ఉంటే, వాకింగ్ నుంచి మీ నాయనా, మసీదు హజరత్తూ వస్తున్నారు. ఇద్దరూ ఇప్పుడు రోజూ సాయంత్రం కలిసే నడుస్తున్నారులే. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ. ఖాజాబీ పెద్దమ్మ గోడ మీద నుంచి సంగతి చెప్పింది, ఇద్దరూ నేరుగా లోపలికి వచ్చేసినారు. మీ నాయన చెప్పులు కూడా విప్పలేదు, ఊహించుకో! భూతవైద్యుడి చేతిలో బరికె పైకి లేచి ఉంది. మీ నాయన మెల్లగా అడిగినారు, మనల్ని బోర్డు దగ్గరికి పిలిచినప్పుడు అడిగే గొంతుతో: "దెబ్బ దయ్యానికి తగిలితే, వాత ఎవరి వీపు మీద తేలుతుందప్పా?" హజరత్ బరికె తీసుకుని గోడవతలికి విసిరేసినారు.

శామూ, నాకు అప్పుడు ఎవరు గుర్తొచ్చినారో చెప్పుకో. చింతచెట్టు కింద కాలికి గొలుసుతో ఉండేవాడే, మనం బొరుగులు ఇచ్చేవాళ్ళం. నువ్వు ఒకసారి వాడితో మాట్లాడినావు, వాడు నీ పేరు సరిగ్గా పలికినాడు, ఆ రాత్రి నువ్వు అన్నం తినలేదు. వాడి గురించి మనం పెద్దయ్యాక ఎప్పుడూ మాట్లాడుకోలేదు కదా. తమిళనాడులో ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న షెడ్డుకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది చనిపోయినారు. దయ్యం వదలాలని ఇంట్లోవాళ్ళు తెచ్చి వదిలిన మనుషులే వాళ్ళు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇప్పుడు మతిస్థిమితం లేనివాళ్ళని గొలుసులతో కట్టడం నేరం. మన చింతచెట్టువాడు ఏమయ్యాడో... సరే, వదిలెయ్.

బరికె పోయిందని భూతవైద్యుడు అలిగి, బస్సు చార్జీలు తీసుకుని పోయినాడు. అప్పుడు మొదలైంది అసలు కథ. ఎందుకంటే అదే సమయానికి చిన్నమ్మ చెల్లెలు తన ప్రార్థన కూటం పాస్టర్‌ని తీసుకొచ్చింది. కుర్రాడు, మన కంటే చిన్నవాడు. వచ్చీ రాగానే చిన్నాయన తల మీద చెయ్యి పెట్టి, "బెట్టింగ్ దురాత్మా, ఈ ఇంటిని వదిలి పో!" అని వీధి చివరికి వినబడేట్టు గద్దించినాడు. మా చిన్నది పక్కనే ఉండి, "నాన్నా, క్రికెట్‌కి వేరే దయ్యం, రమ్మీకి వేరే దయ్యం ఉంటాయా?" అంది. దాన్ని లోపలికి తోలేసినా.

మీ నాయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నీకు తెలుసు కదా, ఆయన కుర్చీ లాక్కున్నారంటే ఇంక గంట కొట్టినా లేవరు. "తమ్ముడూ, యోబు గ్రంథం చదివినావా?" అని మొదలుపెట్టినారు. యోబు దగ్గర సాతాను ఎవరు? దేవుడి సభకి వచ్చి, అనుమతి అడిగి, ఇంతవరకే ముట్టుకో అని దేవుడు గీత గీస్తే ఆ గీత లోపల పనిచేసి పోయినవాడు. ప్రాణం జోలికి పోవద్దంటే పోలేదు. వాడికి సొంత అధికారం ఎక్కడిది? ఆదాము కథలో హవ్వ కూడా "సర్పం మోసం చేసింది" అని చెప్పింది, శిక్ష తప్పిందా? యాకోబు పత్రికలో అయితే మనిషిని లాక్కుపోయేది వాడి సొంత ఆశే అని రాసి ఉంది, ఎదిరిస్తే అపవాది పారిపోతాడని కూడా రాసి ఉంది. పారిపోయేవాడికి అంత భయపడడం ఎందుకు?

పాస్టర్ ఏమీ తగ్గలేదు. "సార్, గెరాసేనుల దేశంలో సేన అనే దయ్యాలు ఒక మనిషిలో నుంచి వెళ్ళి పందుల్లో చొరబడితే, సుమారు రెండు వేల పందులు సముద్రంలో పడి చచ్చినాయి. మార్కు సువార్త అయిదో అధ్యాయం. అది సొంత ఆశేనా? యూదాలో సాతాను ప్రవేశించినాడని లూకా రాసింది అబద్ధమా?" మీ నాయన అబద్ధం అనలేదు. కాథలిక్కుల సంగతి ఎత్తినారు. వాళ్ళలో బిషప్పు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఏ ఫాదరూ దయ్యాన్ని వెళ్ళగొట్టే కర్మ చేయకూడదట, 1999లో సవరించిన పద్ధతిలో కూడా ముందు అది రోగం కాదని తేల్చుకోమనే చెప్పినారట. "దయ్యాన్ని నమ్మేవాళ్ళే ఇంత జాగ్రత్తగా ఉంటే, నువ్వు గుమ్మంలోనే తేల్చేసినావేమప్పా?" అన్నారు.

అప్పుడు ఆ కుర్రాడు అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "నేను పద్దెనిమిదేళ్ళకే తాగుబోతుని సార్. ప్రార్థనతో మానుకున్నా. మీరు లెక్కలు చెప్పి ఎవరిచేతన్నా మాన్పించినారా?" మీ నాయన నోరు మెదపలేదు. నాకు ఆ పిల్లాడి మీద అప్పటిదాకా ఉన్న చిరాకు పోయింది. వాడు నమ్మేది వాడు బతికి బయటపడిన దాన్ని. మైకు మాత్రం కొంచెం తగ్గిస్తే బాగుండు.

హజరత్ అంతసేపూ చిన్నాయన పక్కన కూర్చుని, వీపు నిమురుతూ ఏదో మెల్లగా చదివి ఊదుతున్నారు. చదవడం అయిపోయాక తలెత్తి, "మాలోనూ రెండు మాటలున్నాయి సార్" అన్నారు. జిన్నాతులు మనిషి ఒంట్లో దూరతాయనే పెద్దలున్నారు, దూరలేవని వాదించిన పెద్దలూ వెనకటి నుంచే ఉన్నారు. జిన్నాతులన్నీ చెడ్డవి కావు, మనుషుల్లో మాదిరే వాటిలోనూ నమాజు చేసేవి ఉన్నాయి. ఇక ఇబ్లీసు అంటారా, నిప్పుతో పుట్టినవాడు, మట్టితో చేసిన ఆదంకి నేను మొక్కనని గర్వపడి వెళ్ళగొట్టబడినవాడు, ప్రళయం దాకా గడువు అడిగి తెచ్చుకున్నవాడు. వాడు చేసేదల్లా గుండెలో గుసగుసలాడడం. ఖురాన్ చివరి సూరా, అంటే చివరి అధ్యాయం, ఆ గుసగుసల నుంచి కాపాడమని అడగడానికే. ఆ తరవాత ఇబ్రాహీం సూరాలో ఒక సంగతి చెప్పినారు. తీర్పు రోజు అందరూ వాడి మీద పడితే సైతాను ఏమంటాడో తెలుసా? నాకు మీ మీద ఏ అధికారమూ లేదు, నేను పిలిచినాను, మీరు వచ్చినారు, నన్ను నిందించకండి, మిమ్మల్ని మీరు నిందించుకోండి అంటాడట!

వరండా అంతా నిశ్శబ్దం. పాస్టర్ కూడా నోరు తెరిచి వింటున్నాడు. నేను ఎన్నో ఏళ్ళుగా కడప పెద్దదర్గాకి పోయి వస్తున్నా, దేవుని కడపలో ఉగాదికి ఖాజాబీ పెద్దమ్మతో లైన్లో నిలబడినా, ఈ మాట ఎప్పుడూ వినలేదురా. నువ్వు విన్నావా అక్కడ?

ఆ నిశ్శబ్దంలో చిన్నమ్మ లోపలి నుంచి వచ్చింది. అందరికీ టీ గ్లాసులు పెట్టి, కొంగు దోపుకుని, ఎవరినీ చూడకుండా అడిగింది: "అయ్యా, మీరు పెద్దలు. ఒక్క అనుమానం. బీరువా తాళం నేను బియ్యం డబ్బా అడుగున పెడతా. అది దయ్యానికి ఎట్ల తెలిసింది?"

శామూ, నేను నవ్వు ఆపుకోలేక నీళ్ళ తొట్టి దగ్గరికి పోయినా. పులివెందుల బస్సులో నువ్వు నవ్వు ఆపుకోలేక ఏం చేసినావో అంత కాదులే.

చిన్నాయన లేచి కూర్చున్నాడు అప్పుడు. ఊగడం ఆగింది. ఏడుపు మొదలైంది. అవ్వకి కొడుకు మీద జాలి పొంగుకొచ్చి, "ఎందుకే వాణ్ణి అంతేసి మాటలంటావు, నలమహారాజంతటి వాడికే తప్పలేదు" అని మొదలుపెట్టింది. దమయంతి స్వయంవరానికి ఆలస్యంగా వచ్చిన కలి, పిల్ల దక్కలేదని పగబట్టి, నలుడి దగ్గర సందు కోసం పన్నెండేళ్ళు కాచుకున్నాడు. ఒకరోజు నలుడు కాళ్ళు కడుక్కోకుండా సంధ్య వార్చినాడు. అంతే, కలి లోపల దూరినాడు, ద్వాపరుడు పాచికల్లో దూరినాడు, పుష్కరుడితో ఆడి రాజ్యం పోగొట్టుకున్నాడు. అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు ఏడుస్తుంది, నీకు తెలుసు. రోజూ పొద్దున్నే కర్కోటకుడు, దమయంతి, నలుడు, ఋతుపర్ణుడు అని శ్లోకం చదువుకునేది కూడా ఇందుకే.

మీ నాయన ముందుకి వంగినారు. "అవ్వా, కలి దూరడం చెప్పినావు. ఎప్పుడు వదిలినాడో చెప్పు." అవ్వ ఆలోచించింది. ఋతుపర్ణుడి రథం తోలేటప్పుడు. ఆ రాజు చెట్టు మీద ఆకులూ కాయలూ చూడగానే లెక్క చెప్తాడు, నలుడు దిగి లెక్కపెడితే సరిగ్గా ఉంటాయి. ఆ విద్యా, పాచికల రహస్యమూ నేర్చుకోగానే కలి, కర్కోటకుడి విషం కక్కుకుంటూ బయటికి వచ్చి తాండ్రచెట్టులో దూరినాడు.

"చూసినావా," అన్నారు మీ నాయన, "మంత్రానికి కాదు, బరికెకి కాదు. లెక్క నేర్చుకుంటే వదిలినాడు." ఆ ముఖం నువ్వు చూసుండాల్సిందిరా. మన బ్యాచ్‌లో ఎవడికీ ఎక్కం రానప్పుడు కూడా అంత సంతోషంగా బెత్తం తీసుకోలేదు.

గోడకున్న క్యాలెండర్ నుంచి అయిపోయిన నెల కాగితం చింపి, వెనక వేసినారు లెక్క. వంద పెట్టి గెలిస్తే బుకీ ఎంత ఇస్తాడు? తొంభై అన్నాడు చిన్నాయన. ఓడితే? వంద పోతుంది. సరే, నీకు బాగా తెలుసనుకుందాం, సగం సార్లు గెలుస్తావు అనుకుందాం. రెండు పందేల్లో ఒకటి గెలిచి తొంభై వచ్చింది, ఒకటి ఓడి వంద పోయింది. పది పోయె. అంటే పెట్టిన ప్రతి వందకీ అయిదు రూపాయలు బుకీవి, ఎవరు గెలిచినా. వెయ్యి రూపాయల పందెం వంద సార్లు ఆడితే? అయిదు వేలు పోయె. అది అదృష్టం బాగా ఉంటే, సగం గెలిస్తే. పోయినదాన్ని రాబట్టుకోవాలని రెట్టింపు పెడితే? "అయిదు శాతం కూడా రెట్టింపు మీద పోతుంది కదా నాయనా."

చిన్నాయన ఆ కాగితం వైపు చాలాసేపు చూసినాడు. వేలితో గీతల మీద రాసినాడు. మేమందరం ఊపిరి బిగబట్టినాం, కలి ఇప్పుడు బయటికొస్తాడని. ఆయన తలెత్తి అన్నాడు కదా: "అయితే సార్, సెషన్ పందెంలో రేటు వేరేగా ఉంటుంది కదా..."

హజరత్ గట్టిగా నవ్వేసినారు. మీ నాయన క్యాలెండర్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మరుసటి వారం కడపకి తీసుకుపోయినాం, మనసు డాక్టరు దగ్గరికి. ఆడామె. దయ్యం సంగతి విన్నా నవ్వలేదు, వాదించలేదు. గుండె మీద కూర్చునేదాని గురించి చెప్పింది. నిద్రలో కలలొచ్చేటప్పుడు ఒళ్ళు పట్టు వదిలేసి కదలకుండా ఉంటుందట, మెదడు ముందు మేలుకుంటే కాసేపు కదల్లేం, ఎవరో ఎదురుగా ఉన్నట్టు, మీద కూర్చున్నట్టు అనిపిస్తుందట. నిద్ర సరిగా లేనివాళ్ళకి, టెన్షన్ పడేవాళ్ళకి ఎక్కువట. పందెం పిచ్చి కూడా రోగమేనట, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో ఉందట. రాత్రిళ్ళు మనసు లాగితే 14416కి ఫోన్ చేయమంది, టెలిమానస్ అని సర్కారుదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నేను నా ఫోన్‌లో కూడా పెట్టుకున్నా. నీకూ పనికొస్తుంది, కువైట్ నుంచి కలుస్తుందో లేదో మరి.

ఒక మాట మాత్రం నాకు తేలలేదురా. దయ్యం చేయించిందంటే తప్పు ఆయనది కాదు. రోగం అంటే కూడా తప్పు ఆయనది కాదన్నట్టే ఉంది కదా? నేను ఇదే డాక్టరమ్మని అడిగినా. "రోగం ఆయన తప్పు కాదు, మందు వేసుకోకపోవడం ఆయన తప్పు" అంది. బాగానే ఉంది. కానీ చిన్నమ్మకి గొలుసు ఎవరిస్తారు? చీటీ వేసిన వాళ్ళలో పూలమ్మే ముసలామె ఉంది, నీకు తెలుసు, మన స్కూలు గేటు దగ్గర. ఆమె డబ్బు నేను కట్టినా. మిగతావాళ్ళు రోజూ వస్తున్నారు.

ఇంకోటి గమనించినా. మీ నాయన బైబిల్లో, హజరత్ ఖురాన్‌లో, మా అవ్వ భారతంలో కూడా వాడు సందు దొరికితే తప్ప లోపలికి రాలేని వాడే. కాళ్ళు కడుక్కుని ఉంటే కలికే పన్నెండేళ్ళు దారి దొరకలేదు. మన వీధిలో మాత్రం వాడికి లేని అధికారాలన్నీ మనమే రాసిచ్చినాం. ఇది మీ నాయనతో అంటే "బాగా చెప్పినావు, ఇదే తెలివి పదో తరగతిలో ఉంటే" అన్నారు. ముప్పై అయిదు మార్కుల సంగతి ఆయన చచ్చేదాకా వదలరు.

అయినా ఒకటి చెప్తా, నువ్వు నవ్వినా సరే. నిన్న రాత్రి కరెంటు పోయింది. పెన్న వైపు కుక్కలు ఏడుస్తున్నాయి. నేను లేచి కాళ్ళు కడుక్కుని వచ్చి పడుకున్నా.

చిన్నాయన ఇప్పుడు కీప్యాడ్ ఫోన్ వాడుతున్నాడు. జీతం నేరుగా చిన్నమ్మ చేతికి. మెడలో హజరత్ తావీజు, జేబులో పాస్టర్ ఇచ్చిన చిన్న కొత్త నిబంధన, చేతికి అవ్వ కట్టిన నల్లదారం, పొద్దునా రాత్రీ డాక్టరమ్మ మాత్రలు. పాస్టర్ రోజూ వచ్చి అరగంట పక్కన కూర్చుని పోతున్నాడు, ఇప్పుడు గద్దించడం లేదు, ఊరికే మాట్లాడుతున్నాడు. మొన్న మ్యాచ్ రోజు సాయంత్రం ఆయన ఒక్కడే మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతుంటే నేను కూడా పోయి తిరిగినా. ఏం మాట్లాడుకోలేదు. పక్కింటి టీవీలో సిక్సర్ పడినప్పుడల్లా ఆయన ఆగుతున్నాడు, మళ్ళీ

షఫీ వచ్చేసినాడు, పొద్దున పోవాల్సినవాడు ఇప్పుడే సూట్‌కేసు తూకం వేయాలట. తొక్కు రెండు కిలోలకి మించకూడదంటున్నాడు, కాబట్టి నీకు తగ్గింది, వాణ్ణి తిట్టు. మీ నాయనకి ఫోన్ చెయ్. నేను రాసినట్టు చెప్పొద్దు. షుగరు ఎంతుందని అడుగు, అబద్ధం చెప్తారు, హజరత్‌ని అడిగితే నిజం తెలుస్తుంది. మున్నా పెళ్ళికి సెలవు పెట్టు, బొప్పాయి తెచ్చే బాధ్యత

ఓబులేసు